క్రొత్త ఇంజను – పాత బ్రేకులు

ధ్యానభాగములు: యెహెజ్కేలు 36:26, 27, మత్తయి 9:16, యాకోబు 3:2-5



మా నెల్లిమర్ల సంఘమునకు ఒక పాత జీపు కలదు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున అమెరికాలో విల్లీస్ వారు చేసిన బండి వంశములోనిదే ఇదియు. స్వాతంత్ర్యము వచ్చిన తొలి సంవత్సరములలోనే మహీంద్రావారు ఆ జీపులను బొంబాయిలో బిగించుట ఆరంభించిరి. చంపావతి ఇసుకలోనైనను, కొండదారిలోనైనను నాలుగు చక్రములతో లాగుకొని పోగల బండి. కాని దాని పెట్రోలు ఇంజను అరిగిపోయెను. మూడే గేర్లు. ఎత్తు వచ్చినచో ఆయాసపడి నిలిచిపోవుచుండెను. అందుచేత సంఘపెద్దలము కూడి, డబ్బు ప్రోగుచేసి, క్రొత్తరకపు డీజిలు ఇంజనును, అయిదు గేర్ల పెట్టెను దానిలో అమర్చింప నిశ్చయించితిమి.

ఇంజను మార్చుట అనగా ఒకటి తీసి మరియొకటి పెట్టుటయే అనుకొంటిమి. పని మొదలైన తరువాతనే సంగతి తెలిసెను. డీజిలు ఇంజను బరువెక్కువ, అదురు ఎక్కువ. కావున ఛాసిస్ మీద దానిని మోయు మౌంటింగులు క్రొత్తగా చేయవలెను. గేరుపెట్టె పొడవైనది, కావున వెనుక షాఫ్టును కోసి పొట్టిచేయవలెను, ముందు షాఫ్టును పొడిగించవలెను. ఇంజనుకును గేరుపెట్టెకును నడిమి ఇరుసు వెంట్రుకవాసి తప్పినను క్లచ్చి, బేరింగులు త్వరలోనే పాడగును. పాత రేడియేటరు క్రొత్త వేడికి చాలదు. 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము 52వ సెక్షనును బట్టి ముందుగా అధికారుల అనుమతి పొంది, క్రొత్త ఇంజను సంఖ్యను సీ-బుక్కులో వ్రాయించుకొనవలెను. ఇవన్నియు ఓపికగా చేయించితిమి.

బ్రేకుల మాట మాత్రము వాయిదా వేసితిమి. మేస్త్రీ రెండు మారులు హెచ్చరించెను. “ఇన్నాళ్లు ఆగిన బండి ఇప్పుడేల ఆగదు?” అని మేమే డబ్బు మిగిల్చితిమి.

ఆ నెలలోనే కొండమీది పల్లెలో ప్రార్థనకూటమునకై సాలూరు ఘాటు ఎక్కితిమి. పూర్వము మొదటి గేరులో నత్తవలె ఎక్కిన మలుపులను పాటలు పాడుకొనుచు ఎక్కితిమి. దేవునికి స్తోత్రములు చెల్లించితిమి. తిరుగు ప్రయాణమున దిగుచుండగా బ్రేకు పెడలు నేలకంటెను. ఆ పాత జీపు బ్రేకులలో నూనెకు ఒకటే మార్గము. ఒక చక్రము దగ్గర కారినను నాలుగు చక్రముల పట్టును పోవును. డ్రైవరు గేరు దించి, బండిని కొండవైపు గట్టునకు ఒరిపించి నిలిపెను. ప్రాణములు దక్కెను గాని, మాతో వచ్చిన ఒక వృద్ధమాతకు చేయి విరిగెను.

బండిని చూడవచ్చిన మేస్త్రీ మమ్మును నిందింపలేదు. “అయ్యగారూ, ఎడ్లని మార్చినారు గానీ పగ్గాలు మార్చలేదు” అని మాత్రమనెను. వేగము రెండింతలైనచో ఆగుటకు పట్టు దూరము నాలుగింతలగును. పాత బ్రేకులు పాత నడకకే సరిపోయెను. మా క్రొత్త బలమే వాటి బలహీనతను బయటపెట్టెను.

ప్రియులారా, ఆ మేస్త్రీ మాట మమ్ము విడువలేదు. అదే సంవత్సరము మా సంఘములో ఉజ్జీవకూటములు జరిగెను. అనేకులు కన్నీటితో ప్రార్థించిరి. మేమును ప్రార్థించితిమి. ఆ వేడి చల్లారక మునుపే, ఒక సహోదరుని పొరపాటును కమిటీలో అందరియెదుట కఠినముగా ఖండించితిమి. చెప్పిన సంగతి నిజమే. చెప్పిన తీరు ఆయనను నలిపివేసెను. ఆనాటినుండి ఆయన ఆరాధనకు రాలేదు. ఆసక్తి క్రొత్తది, నాలుక పాతది. అక్కడను చేయి విరిగినట్లే గదా!

యెహెజ్కేలు గ్రంథమున దేవుడు రాయివంటి హృదయమును తొలగించి మెత్తని హృదయమునిచ్చుదునని వాగ్దానము చేసెను. మనమందరము ఆ వచనము కంఠస్థము చేసియున్నాము. దాని తరువాతి వచనమో? అక్కడ ఆయన తన ఆత్మను మనయందుంచి, తన కట్టడలలో మనలను నడిపింతుననుచున్నాడు. హృదయముతో పని ముగియలేదు, నడకవరకు వచ్చెను. పాత వస్త్రమునకు క్రొత్తగుడ్డ మాసిక వేసినచో చిరుగు ఎక్కువగునని ప్రభువు చెప్పినదియు ఇందుకే. మిగిలినదంతయు పాతదిగానే ఉంచుకొని, బలము మాత్రము క్రొత్తది కావలెనన్నచో, ఆ బలమే మనలను చింపును.

జక్కయ్యను చూడుడి. ప్రభువు ఇంటికి వచ్చిన దినముననే ఆయన తన లెక్కల జోలికి పోయెను. బీదలకు ఆస్తిలో సగము, అన్యాయముగా తీసికొన్నదానికి నాలుగంతలు! క్రొత్త హృదయము డబ్బుపెట్టె వరకు వెళ్లెను. యాకోబు గుఱ్ఱపు కళ్లెమును, ఓడ చుక్కానిని చూపి నాలుకనుగూర్చి హెచ్చరించెను. గుఱ్ఱము ఎంత బలమైనదైతే కళ్లెము అంత అవసరము.

అయినను నిరాశపడకుడి. పాత జీపును మేము తుక్కునకు వేయలేదు. బ్రేకులన్నియు విప్పించి, నూనెకు రెండు వేరు మార్గములు పెట్టించితిమి. ఇప్పుడు ఒకటి చెడినను రెండవది పట్టును. ప్రభువును మనలను పారవేయడు. ఒక్కొక్క భాగమును విప్పి, తన హృదయమునకు తగినట్లు బాగుచేయును. విప్పునప్పుడు నొప్పి కలుగును. ఆయనను ఆపకుడి.

ఆ సహోదరుని ఇంటికి మేము ఆలస్యముగానైనను వెళ్లితిమి. తలుపు తీసి కుర్చీ వేసెను. క్షమాపణ అడిగితిమి. ఆయన ఇంకను ఏమియు చెప్పలేదు, మరల వెళ్లెదము.

చదువరులారా, ఈ నెలలో ప్రభువును క్రొత్త బలమడుగుడి. అడుగునప్పుడే, మనలో ఏ బ్రేకు కారుచున్నదో చూపుమనియు వేడుకొనుడి. చూపినదానిని వాయిదా వేయకుడి. ఆమేన్.