ఎవరి పక్షమున ఎవరు పలుకవలెను

తన కష్టమును తానే చెప్పుకొనగల మనుష్యుని ప్రక్కకు నెట్టి అతని పక్షమున మఱియొకడు మాటలాడుట అన్యాయము. మన భాష లేని ప్రాణి పక్షమున ఎవ్వరును మాటలాడకుండుటయు అంతకు తీసిపోని అన్యాయమే. ఈ రెండు ధర్మములును ఒకే రేడియో కేంద్రమున ఒకదాని సరసన ఒకటి నిలువవలసి వచ్చినప్పుడు వాని నడుమ పొత్తు ఎట్లు కుదురునను ప్రశ్నపై, జహీరాబాదు ప్రాంతమున చిరకాలము పశువైద్యులుగా పనిచేసి విశ్రాంతి గైకొన్న నా మిత్రునకును, మెల్‌బోర్న్ నగరమున స్థిరపడి అచ్చటి ఒక కమ్యూనిటీ రేడియోకు సెలవు దినములందు వేతనము లేకయే పనిచేయుచున్న ఆయన అన్నగారి కుమార్తెకును మొన్నటి వేసవిలో దీర్ఘమైన సంవాదము జరిగినది. నేను వాదమున కలుగజేసికొనక వినుచుంటిని. వినినదానిని వరుస చెడకుండ ఇచ్చట వ్రాయుచున్నాను, నా అభిప్రాయమును మాత్రము దాచుకొనను.

మాట మొదట ఎత్తినవాడు డాక్టరే. "బిడ్డా, మన ఝరాసంగము ప్రాంతమున మాచనూరను ఊరున్నది. 2008 అక్టోబరు 15వ తేదీన అచ్చట సంగం రేడియో మొదలైనది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అండతో, ఊరి దళిత స్త్రీలే మాటలు రికార్డు చేసి, కత్తిరించి, కూర్చి, 90.4 మెగాహెర్ట్జ్‌పై వినిపించుచు వచ్చిరి. దానిని ప్రారంభించిన పెద్దమనిషి జస్టిస్ పి.బి. సావంత్, ఆకాశతరంగములు ప్రజల ఆస్తియే కాని ప్రభుత్వపు గుత్తసొత్తు గాని వ్యాపారి గుత్తసొత్తు గాని కాదని 1995లో సుప్రీంకోర్టున తీర్పు వ్రాసినవాడు ఆయనయే. చట్టము అట్టి కేంద్రములకు ఇచ్చు శక్తి 100 వాట్లు; చుట్టుప్రక్కల ఊళ్ళు దాటిపోదు. అయినను ఆ చిన్న కేంద్రము పెద్ద పని చేసినది. అంతకు ముందు ఆ స్త్రీల సేద్యమును గూర్చి అధికారి చెప్పెడివాడు, పండితుడు చెప్పెడివాడు, వారి పశువులను గూర్చి నేను చెప్పెడివాడను. జొన్నచేనులో కందిసాలు ఎట్లు వేయవలెనో, విత్తనము పురుగు పట్టకుండ ఎట్లు దాచవలెనో వారి నోటనే ఊరు వినుట అప్పుడు మొదలైనది. ఎవరి బ్రతుకు వారి నోట వినబడవలెననుటయే ఇట్టి రేడియోకు ప్రాణము. ఇక నీవు చెప్పుము: జంతువుల హక్కుల కొఱకు మీరు నడపు కార్యక్రమములో జంతువు ఎక్కడ ఉన్నది? ఉన్నది మీరే కదా!"

ఆమె వెంటనే సమర్థించుకొనలేదు. "చిన్నాయనా, ఆ సందేహము నాకు మా కేంద్రపు గోడల నడుమనే పుట్టినది. మా కేంద్రమైన త్రీసీఆర్ 1976లో ప్రసారము మొదలుపెట్టినది. 855 కిలోహెర్ట్జ్ వద్ద వినబడును. కార్మికులు, వలస వచ్చినవారు, స్త్రీలు, ఆదివాసులు, పెద్ద పత్రికలలో తమ మాటకు చోటు దొరకనివారందఱును దానిని తమదిగా చేసికొనిరి. వందలకొలది మనుష్యులు జీతము లేక కార్యక్రమములు నడపుదురు. ఏటేట జూన్‌లో శ్రోతలనుండి చందాలు పోగుచేయుదురు. ఆదివారము మధ్యాహ్నము ఫ్రీడమ్ ఆఫ్ స్పీసీస్ అను మా జంతుహక్కుల కార్యక్రమము వచ్చును. ఆ కేంద్రమే 2002 నుండి జూలై మాసమున విక్టోరియా రాష్ట్రపు చెఱసాలలలోనికి మైకులు గొనిపోయి ఆదివాసి ఖైదీల మాటలను, పాటలను వారి కంఠముననే వినిపించును. దాని పేరు బియాండ్ ది బార్స్. చెఱలోనున్న మనుష్యునకు మైకు ఇయ్యవచ్చును, పంజరములోని కోడికి ఇయ్యలేము. మొదటి పనిని చూచిన కంటితో రెండవదానిని చూచినప్పుడు, మేము కోడి కూర్చుండవలసిన చోట కూర్చుంటిమేమోయని దిగులు కలుగును. అయినను కోడికి చెప్పుకొనుటకేమియు లేదని మాత్రము నే నొప్పుకొనను. క్రిస్టఫర్ ఎవాన్స్ మొదలగు శాస్త్రజ్ఞులు 1993లో ప్రకటించిన పరిశోధనను చూడుము. కోళ్ళ హెచ్చరిక కూతలను రికార్డు చేసి, శత్రువు జాడయే లేని చోట, వేఱొక కోడికి ఆ కూతను మాత్రము వినిపించిరి. ఆకాశమునుండి వచ్చు శత్రువును చూచి కూసిన కూత వినగానే అది చాటునకు పరుగెత్తి, ఒదిగి, పైకి చూచినది. నేలపై వచ్చు శత్రువును చూచి కూసిన కూత వినగానే మెడ నిక్కించి నిలుచున్నది. కన్నులకు ఏమియు కనబడకయే, విన్న కూతనుబట్టియే ఏ ఆపద ఎటునుండి వచ్చునో ఎఱిగినది."

"దానికి శాస్త్రజ్ఞులేల?" అనెను డాక్టరు. "మా అమ్మ వంటయింటిలో పొయ్యి ముందు కూర్చుండియే పెరటిలోని పెట్ట అరపు విని, 'గద్ద తిరుగుచున్నది, పిల్లలపై గంప కప్పుడు' అని కేకవేసెడిది, కుక్క వచ్చినప్పుడు ఆ కేక వేఱు. వినుట నాకును వచ్చును, బిడ్డా. ఫారములకు పోయినప్పుడు రాత్రి దీపములార్పించి షెడ్డు నడుమ కదలక మెదలక నిలిచెడివాడను. వేలకొలది కోళ్ళు సద్దుమణుగుటకు కొంత సేపు పట్టును. మొదట రెక్కల సవ్వడి, పిమ్మట పెంటపై కాళ్ళ కదలిక, అదియు అణగిన తరువాత ఎక్కడనో ఒక మూలనుండి సన్నని గురగుర. ఊపిరిగొట్టమున శ్లేష్మము చేరిన కోడి చప్పుడది. పగలు చూచినచో అన్ని కోళ్ళును ఒక్కటిగానే కనబడును; జబ్బుకోడి చీకటిలోనే పట్టుబడును. ఆ గురగుర ఎన్ని మూలలనుండి వచ్చుచున్నదో గుర్తుపట్టి, తెల్లవారి నీళ్ళలో ఏ మందు కలుపవలెనో చెప్పెడివాడను. ఇంత శ్రద్ధగా వినినది ఎవరి కొఱకు? షెడ్డు యజమాని కొఱకు, తూకము తగ్గకుండుట కొఱకు. ఆ కోడి ఎట్లు బ్రతుకుచున్నదని నన్ను ఎవ్వరును అడుగలేదు, అది చెప్పుటకు నేను నింపు కాగితములో గడియు లేదు. కావున జంతువునకు కంఠమున్నదని రుజువు చేసినంతమాత్రమున నీ పని తీరలేదు. వినువాడు ఎవరి పక్షమున వినుచున్నాడనునదియే అసలు చిక్కు."

సంవాదము నిజముగా ఇచ్చటనే ఆరంభమైనదని నా తలంపు. కరుణ గల చెవి, కరుణ లేని చెవి యని మనము సులభముగా విభజింతుము. కాని డాక్టరు చెవికి నేర్పును కరుణయు రెండును ఉన్నవి. అవి ఎవరి యవసరమునకు కట్టుబడినవో దానిని బట్టి ఆ గురగుర రోగలక్షణమగుచున్నది, లేదా ఫిర్యాదగుచున్నది.

ఆమె యిట్లనెను: "ఆ చిక్కును మన న్యాయస్థానములు ఒక విచిత్రమైన దారిలో ఎదుర్కొన్నవి. 1925లో కలకత్తాకు చెందిన ఒక కుటుంబమున ఇలవేల్పు విగ్రహమును గూర్చి తగవు వచ్చి ప్రివీ కౌన్సిల్ వఱకు పోయినది. విగ్రహము మాటలాడదు, దాని పూజారులును వారసులును తమ తమ లాభము చూచుకొందురు. కావున ఆ దేవతా విగ్రహము పక్షమున, తగవులో ఏ స్వప్రయోజనమును లేని ఒక హితుని కోర్టు నియమింపవలెనని ఆ న్యాయమూర్తులు నిర్ణయించిరి. 2018లో ఉత్తరాఖండ్ హైకోర్టు జంతువులకును న్యాయవ్యక్తిత్వము కలదని చెప్పి, వానికి పౌరులను సంరక్షకులుగా నిలిపినది. చూచితివా చిన్నాయనా, మాటలాడలేనివారి పక్షమున నిలుచువానికి ఉండవలసిన మొదటి గుణము స్వప్రయోజనము లేకుండుట. మేము జీతము లేక పనిచేయుట డబ్బు చాలకయని జనము జాలిపడుదురు. నేను దానిని మా అర్హత యనుకొందును. ఆస్ట్రేలియాలో పంజరపు కోడికి చట్టము విధించిన చోటు 550 చదరపు సెంటీమీటర్లు. మనము ఉత్తరము వ్రాయు ఏ-ఫోర్ కాగితముకన్న తక్కువ. 2036 నాటికి ఆ పంజరములను తొలగింపవలెనని అచ్చట నిర్ణయమైనది. మన లా కమిషన్ కూడ 2017లో ఈ విషయమున నివేదిక నిచ్చినది. గ్రుడ్ల ఉత్పత్తిలో దేశమున ముందు వరుసనున్న ఆంధ్రప్రదేశమునందు దానిని ఎంతమంది చదివిరో! గ్రుడ్ల వ్యాపారి ప్రకటనలతో బ్రతుకు కేంద్రము ఆ కాగితము కొలతను గూర్చి గంటసేపు మాటలాడనిచ్చునా? యుద్ధములో ఆయుధము పట్టనని నిరాకరించిన లూయిస్ హిల్ అమెరికాలో 1949లో కేపీఎఫ్ఏ కేంద్రమును శ్రోతల చందాలపై నిలిపినది ఇట్టి మాటలకు చోటు దొరకవలెననియే కదా."

డాక్టరు చాలసేపు మాటలాడలేదు. పిమ్మట ఆయన పలికిన మాట కఠినమైనది. అది లేక ఈ విచారణ పూర్తికాదని నేనును నమ్ముదును. "బిడ్డా, జీతము పుచ్చుకొనకుండుటయే అర్హతయైనచో, 2016 జూలైలో గుజరాత్‌లోని ఊనా దగ్గఱ, చచ్చిన ఆవు చర్మమును ఒలుచుచున్న దళిత యువకుల చొక్కాలు విప్పించి కారునకు కట్టి కొట్టినవారి మాట యేమి? కూలికి చేసిన పని కాదది. వారును ఆవు పక్షముననే నిలిచితిమనిరి. ఆవు చచ్చిపోయినది, దానికి ఎవరు చేయవలసిన హానియు మిగులలేదు. ఊరంతయు ముట్టనొల్లని కళేబరమును ఎత్తిపోసి ఊరిని శుభ్రముగా ఉంచువానికి దెబ్బలు! పిమ్మట దళితులు సురేంద్రనగరమున కలెక్టరు కార్యాలయము ముందర కళేబరములను దించి, ఇక మీరే ఎత్తుకొనుడని నిరసించిరి. ధనమొక్కటియే స్వప్రయోజనమని నీవనుకొనుచున్నావు. పుట్టుక గర్వము స్వప్రయోజనమే. నా విస్తరి పవిత్రమైనదని ఇంకొకని విస్తరిని తూలనాడుట స్వప్రయోజనమే. నేను దయాళువునను కీర్తియు ఒక కూలియే. ఆవు మాటలాడదు కనుక, దాని పేరిట ఎవడు ఏమి చేసినను ఆవు కాదనదు. మాటలాడలేనివాని పక్షమున నిలుచుటలో ఉన్న మోజు అదియే, అపాయమును అదియే."

"కాదనను," అని ఆమె మెల్లగా అనెను. "అందువలననే జంతుహక్కుల కొఱకు మాత్రమే ఒక కేంద్రము పెట్టుదమని ఎవరైన అన్నచో నేను చేరను. మా కార్యక్రమమునకు రక్ష మా దయ కాదు, మాకు ముందొక గంట, వెనుకొక గంట మాటలాడువారు. ఒక ఉదాహరణ చెప్పెదను. ఆస్ట్రేలియా ఉత్తర సముద్రములలో డ్యూగాంగ్ అను జలజంతువును, తాబేటిని వేటాడుట అచ్చటి ఆదివాసులకు తాతలనాటి హక్కు. 1993 నాటి నేటివ్ టైటిల్ చట్టము అట్టి వేటను కాపాడుచున్నది. జంతుహక్కులవారిలో కొందఱికి అది కంటగింపు. వ్యాపార రేడియోలో ఆ మాట అని చేతులు దులుపుకొని ఇంటికి పోవచ్చును. మా కేంద్రమున ఆ కుర్చీలోనే, ఆ మైకు ముందరనే మఱికొంతసేపటికి ఆదివాసి కూర్చుండును. మీ ఓడలు, మీ రేవులు, మీ గనుల మురికి ఆ ప్రాణులను ఎంత చంపినవో ముందు లెక్క చెప్పుమని అడుగును. నేను వినవలెను, వినియు నా మాట నిలుచునా లేదాయని చూచుకొనవలెను. వకాల్తా ఇచ్చినవానికి నోరు లేనప్పుడు వకీలును నిలదీయువాడు ప్రక్కన తప్పక ఉండవలెను. కోడి నన్ను నిలదీయలేదు. కాని నా మాటవలన ఎవరి కూటికి దెబ్బ తగులునో ఆ మనుష్యుడు నిలదీయగలడు, అతనికి అదే ఇంట తలుపు తెఱచియుండవలెను. ఊనాలో కొట్టినవారు ఆ తలుపు మూసి, దెబ్బలు తినువానికి ఒక్క మాటయైనను చెప్పుకొను సందీయలేదు."

ఇది నాకు సమాధానముగానే తోచినది. కాని డాక్టరు సామాన్యముగా ఒప్పుకొను మనిషి కాడు. సిద్ధాంతము చెప్పినవారిని పొలము గట్టుమీదికి పిలుచుట ఆయన అలవాటు.

"అట్లయిన ఆ కార్యక్రమము ఇచ్చట పెట్టినచో నీ ప్రక్కన కూర్చుండువారెవరో చెప్పుము. నేను చెప్పెదను. కోళ్ళను పట్టు కూలీలున్నారు. అర్ధరాత్రి వచ్చి, దుమ్ములో దగ్గుచు, చేతికి నాలుగేసి కోళ్ళను కాళ్ళు పట్టి తలక్రిందులుగా ఎత్తి, క్రేట్లలో కుక్కి, తెల్లవాఱకముందే లారీ నింపుదురు. గోళ్ళ గీట్లు వారి మణికట్టులపై ఎన్నడును మానవు. రెక్క విఱిగినదని నీవు వినిపించు అరపు వారి చేతిలోనిదే. వారిని పిలిచెదవా? ఒప్పందపు రైతున్నాడు, కోడిపిల్ల కంపెనీది, దాణా కంపెనీది, మందు కంపెనీది, షెడ్డుపై అప్పు మాత్రము వానిది, పెంచిన కిలోకు ఇంతయని కూలి. గూడు విశాలము చేయుమని నీవన్నచో ఆ ఖర్చు ఎవని నెత్తిన పడునో వానికి తెలియును. వానిని పిలిచెదవా? నాలుగు మేకలను మేపి, ఒకటి అమ్మి, కూతురి ఫీజు కట్టిన ఆడుమనిషిని పిలిచెదవా?"

"ముగ్గురిని పిలిచెదను. కంపెనీని పిలువను, దానికి పత్రికలున్నవి, టీవీలున్నవి, తన మాట కొనుక్కొను డబ్బున్నది. మేకల ఆమె మాట వినియు, మేకకు బ్రతుకు మీద ఆశ లేదని మాత్రము నేను చెప్పలేను, చిన్నాయనా. ఆమె బీదతనమునకు మేక బాధ్యురాలు కాదు."

"మేక కాదు, నీవు నేనును బాధ్యులము," అనెను డాక్టరు. "దానిని కూడ కార్యక్రమములో చెప్పుము. కంపెనీని మాత్రము పిలువవలెను. ఎదుట లేనివానిని తిట్టుట నాకిష్టము లేదు." ఈ విషయమున వారికి పొసగలేదు.

చివరకు మాట కార్యక్రమపు కూర్పుపైకి మఱలినది. రైతు మాట, కూలీ మాట ముందు వినిపించి, ఆ తరువాత దీపములార్పిన షెడ్డులో రికార్డు చేసిన కోళ్ళ చప్పుడు వినిపింపవలెనని ఆమె ఊహ; మనుష్యుని ముందు నిలువనిచ్చుట మర్యాదయని ఆమె అభిప్రాయము. డాక్టరు ఒప్పుకొనలేదు. "మనుష్యుడు మాటలాడిన పిమ్మట శ్రోతల మనస్సు అతని మాట చుట్టే తిరుగును, కోడి గురగుర వెనుకటి చప్పుడైపోవును. ముందు దానినే వినిపింపుము, నడుమ వ్యాఖ్యానము చేయకుము, నాలుగైదు నిమిషములు అట్లే వదలివేయుము." అప్పుడు రైతు కోడికి సంజాయిషీ చెప్పుకొను ముద్దాయివలె నిలువవలసివచ్చునని ఆమె, ఆ గురగుర వినినవాడు రైతును తిట్టడు, షెడ్డుపై అప్పు ఎవడు ఇచ్చినాడని అడుగునని ఆయన. కూర్పు విషయమున నేను డాక్టరు పక్షము, కంపెనీ విషయమున ఆమె పక్షము. వారిద్దఱు మాత్రము భోజనములకు లేచువఱకును ఎవరి మాటపై వారే నిలిచిరి.