గాజు గోడకు అటువైపు

సెలవుల్లో తిరుపతి, చిత్తూరుల నుండి పిల్లలతో చెన్నపట్నం వెళ్ళి చేపల ప్రదర్శనశాల చూసి వచ్చినవారు మీలో ఉంటారు. మెరీనా తీరాన 1909లో తెరిచినది మన దేశంలోనే మొదటిది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో దానిని మూసివేశారు. 2019లో ఈస్ట్ కోస్ట్ రోడ్డులో వచ్చిన దానిలో సొరంగంలో నడుస్తుంటే చేపలు తల మీదుగా ఈదుతూ పోతాయి.

"నాన్నా, ఇవి ఇంటికెప్పుడు పోతాయి?" అని మీ పిల్లవాడు అడిగితే ఏమంటారు?

తినేటప్పుడు లేని దిగులు చూసేటప్పుడు ఎందుకని నవ్వకండి. శుక్రవారం మాంసం మాని చేపల పులుసుతో సరిపెట్టుకునే ఇళ్ళే మనవి! అయితే కడుపు నిండితే ఆకలి ఆగుతుంది. సరదాకు అలాంటి హద్దు లేదు. ఆదికాండములో దేవుని మొదటి దీవెన మనకు కాదు, ఐదవ దినాన చేపలకు, పక్షులకు. నింపమన్నది సముద్రాన్ని, తొట్టెను కాదు.

అలాగని వెళ్ళవద్దనను. సముద్రమే ఎరుగని మన పల్లెల పిల్లలకు ఆ వింత కళ్ళారా చూసే దారి మరేది? గాజును మాత్రం తట్టనివ్వకండి. నీటిలో ధ్వని గాలిలోకన్నా నాలుగు రెట్లకు పైగా వేగంగా పోతుంది; చేప ఒంటి పక్కనున్న గీత ప్రతి అదురునూ పసిగడుతుంది.

వచ్చేటప్పుడు కాస్త చుట్టైనా తడ మీదుగా రండి. పులికాట్ ఒడ్డున జాలరుల వలలో చేపలను చూసి వాడు ఏమడుగుతాడో వినండి.