ధవళేశ్వరం తర్వాతి కాటన్

ఒక పని అద్భుతంగా చేసినవాడి మాటని ఇంకో పనిలో ఎంతవరకు నమ్మాలి? మా సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో ఇది రోజూ ఉండేదే. మంచి కోడ్ రాసినవాడు నాలుగేళ్ళలో డైరెక్టర్ అవుతాడు, పాత ప్రాజెక్టు పేరు చెబితే చాలు కొత్తదానికి డబ్బులొచ్చేస్తాయి. నాకు ఇక్కడ సర్ ఆర్థర్ కాటన్ గుర్తొస్తాడు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఆయనేం చేశాడన్నది మనం పెద్దగా మాట్లాడుకోం. గుర్రమెక్కిన విగ్రహం దగ్గరే ఆగిపోతాం.

కాటన్‌కి నీళ్ళంటే పొలం మాత్రమే కాదు, దారి కూడా. పడవ మీద టన్ను సరుకు లాగడానికి రైలుకన్నా తక్కువ ఖర్చని, దేశానికి కావలసింది కాలవలేనని చివరిదాకా వాదించాడు. ఆ నమ్మకంతో రెండు పెద్ద పనులు మొదలయ్యాయి.

ఒకటి ఎగువ గోదావరి. ఆవిరి పడవల్లో మధ్య పరగణాల పత్తిని సముద్రం దాకా తేవాలి. అడ్డంగా రాళ్ళ గుట్టలున్నచోట ఆనకట్ట, లాకులు కట్టాలి. దుమ్ముగూడెంలో కట్టారు కూడా. అప్పుడు అమెరికాలో అంతర్యుద్ధం, పత్తి ధర ఆకాశంలో ఉంది. యుద్ధం 1865లో అయిపోయింది. 1867లో బొంబాయి రైలు నాగపూర్ చేరింది. 1871లో పని ఆపేశారు. ఎండాకాలం గోదావరిలో స్టీమరుకి సరిపడా లోతు ఎక్కడిది?

రెండోది ఇంకా ఇబ్బందికరం. 1858లో లండన్‌లో మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ పుట్టింది. తుంగభద్ర నీటిని సుంకేశుల దగ్గర మళ్ళించి కర్నూలు నుంచి కడపకు కాలవ తవ్వింది. అదే మన కె.సి. కెనాల్, సాగుకీ పడవలకీ కలిపి. పది లక్షల పౌండ్ల పెట్టుబడి మీద ఏటా 5 శాతం వడ్డీకి ప్రభుత్వం హామీ. కాలవ పారినా పారకపోయినా లండన్ వాటాదారుకి వడ్డీ ముడుతుంది. కట్టేది ఇక్కడి రెవెన్యూ, అంటే రైతు. నల్లరేగడిలో జొన్న, పత్తి వేసుకునే రైతేమో డబ్బిచ్చి నీళ్ళు కొనడానికి రాలేదు. తూర్పు డెల్టాలో పనికొచ్చిన లెక్క ఇక్కడ పనికిరాలేదు. నేలని అడగాల్సిన ప్రశ్నని మ్యాపుని అడిగారనిపిస్తుంది.

కాటన్ రైళ్ళని తిట్టిన కారణాల్లో ఒకటి, వాటి నష్టం ఏటా జనం నెత్తిన పడుతోందని. సరైన విమర్శే. కానీ ఆయన ఆలోచన మీద నిలబడ్డ కంపెనీ తిన్నది కూడా అదే హామీ. దీన్ని కపటం అనలేను. తను నమ్మినదాని ఖర్చు తనకి ఖర్చులా కనపడదు, అంతే. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి ఎల్బీనగర్‌లో దిగేవాళ్ళకి ఇది కొత్తేం కాదు. మన మెట్రోకీ 'వయబిలిటీ గ్యాప్ ఫండింగ్' ఉంది. ఆ పేరుని తెలుగులో చెప్పమంటే నేను 'తగ్గితే మేం పోస్తాం' అంటాను. మెట్రో వద్దని కాదు, నేనూ రోజూ ఎక్కేవాడినే. పోసేది ఎవరో టికెట్ మీద రాసి ఉండదు, అదొక్కటే నా బాధ.

అయితే కథ ఇంతటితో తీర్పుకి లొంగదు. 1876-78 కరువులో రాయలసీమ ఎండిపోయినప్పుడు, అంతకుముందు నీళ్ళొద్దన్న రైతులే కాలవకి వచ్చారు. నష్టాల కంపెనీ తవ్విన కాలవ పక్కనున్న పొలాలకి అదే దిక్కయింది. 1882లో ప్రభుత్వం కంపెనీని కొనేసింది. వాటాదారుల లెక్కలో అది ఓడిపోయిన పెట్టుబడి. కరువులో ఆ నీళ్ళతో పండిన జొన్నకి ఆ పుస్తకంలో గడి లేదు. ఏళ్ళ తరబడి వడ్డీ కట్టినా కాలవకి అందని ఊళ్ళకీ లేదు. ఈ రెండు ఊళ్ళనీ ఒకే తక్కెడలో ఎలా తూచాలో నాకింకా తెలియడం లేదు. కాటన్‌ని అడిగితే మాత్రం, ఇంకో కాలవ తవ్వమనేవాడు.