పేరు తెలియని సమాధులు

వాక్యభాగము: అపొ. కార్యములు 28:1–10



పౌలు ఎక్కిన ఓడ మెలితే తీరమున బద్దలైనప్పుడు 276 మంది వానలో, చలిలో ఒడ్డు చేరిరి. అందులో ఖైదీలు కూడ నుండిరి. ఆ ద్వీపవాసులు ఎవరిది ఏ ఊరని అడుగక ముందే నిప్పు రాజబెట్టిరి. బ్రతికి వచ్చినవానికి నిప్పు వేయుట ఒకింత సులభమే. ప్రాణము లేక ఒడ్డున పడినవాని మాటేమి?

ఇంగ్లండు దేశపు నైరృతి కొనయందు కార్న్‌వాల్ అను సీమ యున్నది. అచ్చటి తీరమున చాలచోట్ల నిలువు కొండచరియలు, వాటి క్రింద రంపపు పండ్లవంటి రాళ్లు. తెరచాప ఓడల కాలమున పడమటిగాలి విజృంభించినచో ఓడకు త్రోవ దొరకుట కష్టము. కావున ఆ పల్లెలలో పెద్దలు చెప్పుకొను కథలలో ఓడలు పగిలిన రాత్రులు మెండు. దొంగదీపములు చూపి ఓడలను రాళ్లమీదికి రప్పించిరనియు చెప్పుదురు. దానికి గట్టి రుజువు లేదని చరిత్రకారులందురు. కాని కొట్టుకొనివచ్చిన సరకు కొరకు జనులు ఎగబడుట నిజమే. పీపా దొరికినవాడు ఇంటికి మోసికొనిపోవును. శవమును ఎవరు మోయుదురు? దానికి పేటిక లేదు, ప్రార్థన లేదు. దొరికినచోటనే ఇసుకలోనో గట్టుమీదనో గుంట త్రవ్వి కప్పివేయువారు.

1807 డిసెంబరు 29న ఆన్సన్ అను యుద్ధనౌక హెల్‌స్టన్ పట్టణమునకు సమీపమున లో బార్ అను ఇసుకతిన్నెకు కొట్టుకొనెను. ఒడ్డున నిలిచిన జనులు చూచుచుండగానే అనేకులు మునిగిరి. వారిని కూడ ఆలాగే గుంటలలో పూడ్చిరి. అది చూచి సహింపలేక థామస్ గ్రిల్స్ అను ఆ ఊరి న్యాయవాది ఒక చట్టము వ్రాసెను. 1808లో పార్లమెంటు దానిని అంగీకరించెను. సముద్రము ఒడ్డున వేసిన ప్రతి శవమును ఆ గ్రామసంఘమే తెచ్చి ప్రతిష్ఠిత భూమిలో మర్యాదగా పాతిపెట్టవలెను. క్రైస్తవులకు ఈ సంగతి చట్టము చెప్పవలసివచ్చెనే అని మేము చదివినప్పుడు సిగ్గుపడితిమి.

చట్టము వచ్చినంతమాత్రమున చేతులు కదలవు. ఆ సీమ ఉత్తరపు కొనను మోర్వెన్‌స్టో అను పల్లె కలదు. రాబర్ట్ స్టీఫెన్ హాకర్ అయ్యగారు 1834లో అచ్చట నియమింపబడి, 1875లో చనిపోవువరకు ఆ సంఘమునే కాచెను. తుపాను వెలిసిన తరువాత ఆయన కొండచరియ దిగి శవములను వెదకి, పైకి మోయించి, గుడి ఆవరణలో సమాధి చేయువాడు. ఆలాగు నలువదిమందికి పైగా అచ్చట నిద్రించుచున్నారు. 1842లో కలెడోనియా అను స్కాట్లండు ఓడ పగిలి, నావికులలో ఒక్కడే బ్రదికెను. తక్కినవారి సమాధిమీద ఆ ఓడ ముందుభాగపు బొమ్మనే గుర్తుగా నిలిపిరి. కత్తియు డాలును పట్టిన స్త్రీ బొమ్మ అది. ఎండకు వానకు చెడిపోకుండ 2008లో దానిని గుడిలోనికి తెచ్చి, బయట దాని నకలును నిలిపిరి. ఆ సమాధుల చెంత ఒక రాతి సిలువయు కలదు. మనుష్యులు ఎరుగకున్నను వీరు బాగుగా ఎరుగబడినవారేయని, 2 కొరింథీ 6:9లోని పౌలు మాటను తలచి దానిమీద చెక్కిరి.

యూదా పారవేసిన వెండి నాణెములతో యాజకులు ఏమి కొనిరో జ్ఞాపకమున్నదా? పరదేశులను పాతిపెట్టుటకు కుమ్మరివాని పొలము (మత్తయి 27:7). ఆ యాజకుల తలంపు ఏదైనను, మన ప్రభువును అమ్మిన వెలతో దిక్కులేని శవమునకు చోటు దొరికెను.

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక పల్లెలో బాటసారి యొకడు చెట్టుక్రింద చనిపోయెను. అతని సంచిలో చిరిగిన సువార్త ప్రతి యొకటి దొరికెను. అతనిని మన సమాధుల దొడ్డిలో పెట్టవచ్చునా అని కమిటీ కూడెను. సభ్యత్వపు చీటీ లేదు, చందా లేదు, ఏ మిషనువాడో తెలియదు. రేపు అందరును వత్తురని ఒకరు, పెద్దలను అడుగవలెనని ఒకరు. దీపాలు పెట్టువేళవరకు మాట్లాడిరి. అంతలో ఊరి కూలీలు నలుగురు అతనిని కాలువగట్టున పూడ్చి, స్నానము చేసి యిండ్లకు పోయిరి.

ఆ కమిటీలో మేమును కూర్చుండియుంటిమి. కాలువకు పూడిక తీసినప్పుడు గట్టు మార్చిరి. ఆ చోటేదో ఇప్పుడు చూపుటకు మాకు తెలియదు.