పొరుగువారి కుక్క – మన బస

తొలకరి వానలు పడగానే పత్తికొండ ప్రాంతంలోని జొన్నగిరి, తుగ్గలి, పగిడిరాయి, పెరవలి పొలాల్లో జనం తల వంచుకుని నడుస్తూ కనబడతారు. వాన నీరు మట్టిని కడిగినప్పుడు బయటపడే రాళ్ళలో ఒక వజ్రం కంటబడుతుందేమోనన్న ఆశ. కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల నుంచే కాదు, కర్ణాటకలోని బళ్ళారి వైపు నుంచి కూడా కుటుంబాలు వస్తాయి. చెట్టు కింద టార్పాలిన్ పట్ట కట్టుకుని, మూడు రాళ్ళ పొయ్యి పెట్టుకుని కొన్నాళ్ళు అక్కడే గడుపుతారు. వారిలో మన ముస్లిం కుటుంబాలూ ఉంటాయి. (ఈ వెదుకులాటలో కాలం ఎంత వృథా, దొరికిన రాయి ఎవరికి చెందుతుంది అన్నది వేరే చర్చ. యజమాని అనుమతి లేకుండా అతని పొలంలో అడుగు పెట్టకూడదన్న మాట ఒక్కటి గుర్తుంచుకుంటే ఇక్కడికి చాలు.)

అదే నేల మీద గొర్రెల కాపరులు కూడా దిగుతారు. పొలానికి ఎరువు కావాలని రైతులే పిలిచి రాత్రిపూట మందను తమ చేలో నిలిపించుకుంటారు. మంద వెంట కుక్కలు ఉంటాయి. తోడేలు భయం ఉన్న చోట కుక్క లేకుండా కాపరికి నిద్ర ఎక్కడిది? తెల్లవారేసరికి ఆ కుక్క మన పట్ట దగ్గరికి వచ్చి బిందె వాసన చూస్తుంది, జానిమాజ్ మీదుగా నడుస్తుంది, మూత లేని గిన్నెలో మూతి పెడుతుంది. పిల్లలు కేకలు వేస్తారు, ఎవరో రాయి తీస్తారు, కాపరి ఊరుకోడు. మిరపకాయల కోతకు గుంటూరు వైపు వలస వెళ్ళి చేలల్లో గుడారాలు వేసుకునే మన కుటుంబాలకూ ఇదే అనుభవం.

అక్కడి నుంచి తిరిగి వచ్చినవారు అడిగే ప్రశ్న సాధారణంగా ఒక్కటే: “మౌలానా, కుక్క తిరిగిన చోట నమాజు అవుతుందా?” ఈ ప్రశ్నకు సమాధానం ఉంది, చెబుతాను. కాని దాని వెనుక ఎవరూ అడగని ఇంకొక ప్రశ్న దాగి ఉంది. ఆ కుక్క ఒక మనిషిది. ఆ మనిషి మనతో పాటు ఆ నేల మీద పడుకున్నాడు. అతని పట్ల మన బాధ్యత ఏమిటి?

ముందుగా తహారత్ (పరిశుద్ధత) సంగతి. మన ప్రాంతంలో అత్యధికులు హనఫీ మజ్‌హబ్‌ను అనుసరిస్తారు. హనఫీ ధర్మవేత్తల ఫత్వా ప్రకారం కుక్క శరీరం స్వతహాగా నజిస్ (అశుద్ధం) కాదు, దాని జొల్లు నజిస్. కాబట్టి కుక్క మన బట్టలకు రాసుకుంటూ పోయినంత మాత్రాన, దాని ఒంటి మీద అశుద్ధం ఏదీ కనబడనంత వరకు, బట్టలు మార్చుకోనక్కరలేదు. అది పడుకుని లేచిన నేల మీద అశుద్ధపు జాడ లేకపోతే అక్కడ నమాజు చేసుకోవచ్చు. నేల మీద అశుద్ధం పడినా, ఎండి రంగూ వాసనా పోతే నమాజు కోసం ఆ నేల శుద్ధమైనట్టే. హజ్రత్ అబ్దుల్లా బిన్ ఉమర్ (రజి) ఉల్లేఖనం ఒకటి సహీహ్ బుఖారీలో ఉంది. దైవప్రవక్త (స) కాలంలో కుక్కలు మస్జిదులోకి వస్తూ పోతూ ఉండేవని, అందుకని ఎవరూ అక్కడ నీళ్ళు చిలకరించేవారు కాదని ఆయన తెలిపారు. అప్పటి మస్జిదె నబవీకి నేటి మన మస్జిదులకున్నటువంటి తలుపులు లేవు. ఆరుబయట బస చేసిన కుటుంబానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ ఏముంటుంది?

కుక్క మూతి పెట్టిన పాత్ర విషయం వేరు. అందులోని పదార్థాన్ని పారబోసి పాత్రను ఏడుసార్లు, అందులో ఒకసారి మట్టితో కడగాలని దైవప్రవక్త (స) బోధించినట్లు హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించారు. హనఫీల దృష్టిలో మూడుసార్లు కడగడం తప్పనిసరి, ఏడుసార్లు కడగడం ఉత్తమం. ఇమామ్ షాఫయీ (రహ్మ) దృష్టిలో కుక్క మొత్తం నజిస్, పాత్రను ఏడుసార్లు కడగడం తప్పనిసరి. ఇమామ్ మాలిక్ (రహ్మ) మజ్‌హబ్‌లో కుక్క అశుద్ధమే కాదు, పాత్ర కడగడం ఆరాధనా భావంతో పాటించే ఆజ్ఞ. ఇంతటి మహనీయులు ఒక్క జంతువు గురించి మూడు విధాలుగా ఆలోచించినప్పుడు, మన పక్క గుడారంవారు మనకంటే తక్కువగా కడిగారని గొడవపడే హక్కు మనకు లేదు. కుక్క ముందు నుంచి వెళితే నమాజు భంగం కాదన్నదే హనఫీల అభిప్రాయం. ముందు ఒక కర్రో, సంచో సుత్రాగా పెట్టుకుంటే మనసు చెదరదు.

అయితే ఈ నియమాలన్నీ ఎవరిని ఉద్దేశించినవో గమనించండి. పాత్రను కడగమన్నది పాత్ర గలవాడిని. రాత్రి పడుకునే ముందు పాత్రలపై మూతలు పెట్టమని, నీళ్ళ తిత్తి మూతి కట్టమని, ఏమీ దొరక్కపోతే అల్లాహ్ పేరు తలచి పాత్రపై ఒక పుల్లనైనా అడ్డంగా ఉంచమని ప్రవక్త (స) ఉపదేశించారు. ఇదీ పాత్ర గలవారికి చెప్పిందే. బిందెకు మూత పెట్టకుండా, రాత్రి తిన్న మాంసం ఎముకలు పట్ట చుట్టూ పారేసి, తెల్లవారి కుక్క వచ్చిందని కాపరి మీద అరవడం ఎక్కడి న్యాయం? ఎముకల కోసం వచ్చింది కుక్క తప్పు కాదు. వాటిని గుడారాలకు దూరంగా ఒకచోట వేస్తే దాని ఆకలీ తీరుతుంది, మన బిందే బాగుంటుంది.

ఇక నీళ్ళు. ఎండిన సీమలో ఒక కుంట ఉంటే మనుషులు, గొర్రెలు, కుక్కలు అందరూ దానికే వస్తారు. ఇమామ్ మాలిక్ (రహ్మ) ‘ముఅత్తా’లో ఒక సంఘటన ఉంది. హజ్రత్ ఉమర్ (రజి) కొందరితో కలిసి ప్రయాణిస్తూ ఒక నీటి తొట్టి దగ్గరికి చేరారు. వారిలో హజ్రత్ అమ్ర్ బిన్ ఆస్ (రజి) కూడా ఉన్నారు. క్రూరమృగాలు ఇక్కడికి నీళ్ళకు వస్తాయా అని ఆయన తొట్టి యజమానిని అడిగారు. యజమాని నోరు తెరవక ముందే హజ్రత్ ఉమర్ (రజి) అడ్డుకుని, మాకు ఆ సంగతి చెప్పవద్దని అతనికి చెప్పారు. మృగాలు తాగిన చోట మేము తాగుతాము, మేము తాగిన చోట అవి తాగుతాయి అన్నది ఆయన మాటల భావం.

ఈ సంఘటనను మదరసాలో నీళ్ళ అధ్యాయంలో చదువుతాము. పది మూరల పొడవు, పది మూరల వెడల్పు గల కుంటలో అశుద్ధం పడినా రంగు, రుచి, వాసన మారనంత వరకు ఆ నీరు శుద్ధమేనన్న హనఫీ సూత్రాన్ని కూడా అక్కడే నేర్చుకుంటాము. కాని అందులో ఇంకొక పాఠం ఉందని నా అభిప్రాయం. ఉమర్ (రజి) దైవభీతి ఎంతటిదో మనకు తెలుసు. అంతటి వ్యక్తి ప్రశ్ననే ఆపించారు. ఆ నీరు తమ ఒక్కరిది కాదని ఆయనకు తెలుసు. తవ్వి తవ్వి అనుమానం తెచ్చుకుంటే ప్రయాణికుడు దాహంతో పోవాలి, లేదా మృగాలను తరిమేయాలి. రెండింటినీ ఆయన కోరుకోలేదు. (గుత్తి నుంచి పత్తికొండ వచ్చే దారిలో ఎర్రగుడి బండల మీద క్రీ.పూ. 3వ శతాబ్దం నాటి అశోకుని శాసనాలున్నాయి. దారుల వెంట మనుషులకూ పశువులకూ ఉపయోగపడేలా బావులు తవ్వించడం గురించి వాటిలో ఉంది. ఈ నేలకు ఆ మాట కొత్తది కాదు.)

ఇప్పుడు ఎవరూ అడగని ప్రశ్నకు వద్దాం. దివ్యఖుర్ఆన్ సూరా అన్నిసా 36వ ఆయతులో అల్లాహ్ ఎవరెవరి పట్ల ఉత్తమంగా వ్యవహరించాలో వరుసగా తెలియజేశాడు. తల్లిదండ్రులు, బంధువులు, అనాథలు, నిరుపేదల తరువాత దగ్గరి పొరుగువాడు, పరాయి పొరుగువాడు, ఆ తరువాత ‘అస్సాహిబి బిల్ జంబ్’ అనే మాట వస్తుంది. అంటే పక్కనున్న సహచరుడు. ప్రయాణంలో తోడుగా ఉన్నవాడు అని పలువురు వ్యాఖ్యాతలు దీనికి అర్థం చెప్పారు. ఇల్లు పక్కన ఇల్లు ఉండి ఏళ్ళ తరబడి కలిసి బతికేవాడు పొరుగువాడు. నాలుగు రాత్రులు ఒకే చేలో పడుకుని విడిపోయేవాడు ఈ సహచరుడు. అతని మతం ఏమిటన్న షరతు ఆయతులో లేదు. హజ్రత్ అబ్దుల్లా బిన్ అమ్ర్ (రజి) ఇంట్లో ఒక గొర్రెను జిబహ్ చేసినప్పుడు, మన యూద పొరుగువానికి పంపించారా లేదా అని ఆయన ఇంటివారిని పదే పదే అడిగారని హదీసు గ్రంథాల్లో ఉంది.

ఆ కాపరి ఈ జాబితాలో ఉన్నాడు. అతని కుక్క అతని జీవనాధారంలో భాగం. ఆట కోసం, హోదా కోసం ఇంట్లో కుక్కను పెంచితే రోజూ పుణ్యం తగ్గుతుందని హెచ్చరించిన ప్రవక్త (స), మందకు, పంటకు, వేటకు ఉంచుకునే కుక్కను ఆ హెచ్చరిక నుంచి మినహాయించారు. వేటకు శిక్షణ పొందిన జంతువులు పట్టింది తినవచ్చని సూరా అల్ మాయిదా 4వ ఆయతు అనుమతించింది. కాబట్టి షరీఅత్ లెక్కలో కాపరి కుక్క పనిముట్టు లాంటిది, రైతుకు ఎద్దు ఎలాగో అలాగ. రాత్రంతా అది మేల్కొని మొరిగితే దొంగ కాపరి మందకే కాదు, మన పట్టకూ దూరంగా ఉంటాడు. రాత్రి దాని కాపలాలో నిద్రపోయి పొద్దున దాన్నే రాళ్ళతో కొట్టడం నాకు సిగ్గుచేటుగా తోస్తుంది.

ఇక్కడ కొందరు అడ్డుపడతారు. “ప్రవక్త (స) కుక్కల్ని చంపమని ఆదేశించలేదా? విషం ముద్ద వేస్తే పీడ పోతుంది కదా” అంటారు. ఈ మాట చాలా ప్రమాదకరమైనది, అందుకే కొంచెం నిదానంగా చెప్పాలి. మదీనాలో ఒక దశలో అటువంటి ఆదేశం ఇచ్చిన మాట నిజమే. ఆ తరువాత దాన్ని ఆయనే ఆపారు, నల్లని దుష్ట కుక్క విషయం తప్ప. హజ్రత్ జాబిర్ (రజి) ద్వారా ఆ ఉల్లేఖనం సహీహ్ ముస్లింలోనే ఉంది. కుక్కలు కూడా సముదాయాలలో ఒక సముదాయం కాకపోతే వాటిని చంపమని ఆదేశించేవాణ్ణని ఆయన అన్నట్లు అబూదావూద్, తిర్మిజీ గ్రంథాల్లో ఉంది. భూమిపై నడిచే జంతువులూ మీలాంటి సముదాయాలేనని సూరా అల్ అన్ఆమ్ 38వ ఆయతు చెబుతుంది. మొదటి సగం చదివి రెండో సగం వదిలేసేవారు దీన్‌కు చేసే హాని కుక్క చేసే హాని కంటే ఎక్కువ. పైగా ఒకరి మంద కుక్కను చంపడం అంటే అతని ఆస్తిని నాశనం చేయడం. హనఫీ ఫిఖ్హ్ ప్రకారం పనికొచ్చే కుక్కను చంపినవాడు దాని వెల చెల్లించాలి.

దాహంతో నాలుక చాపిన కుక్కకు బావిలో దిగి తన మేజోడులో నీళ్ళు తెచ్చి తాగించిన మనిషిని అల్లాహ్ క్షమించాడన్న హదీసు మన పిల్లలకు కూడా తెలుసు. దానంతగా వినబడని సంఘటన ఒకటి చెబుతాను. హిజ్రీ 8వ సంవత్సరం, మక్కా విజయానికి దాదాపు పదివేల మంది సైన్యం సాగుతోంది. దారి పక్కన ఒక ఆడకుక్క పిల్లలకు పాలిస్తూ కనబడింది. సైన్యం దాన్ని బెదరగొట్టకుండా ఒక సహాబీని అక్కడ కాపలాగా నిలబడమని ప్రవక్త (స) నియమించారని వాఖిదీ తన ‘మగాజీ’లో రాశారు. హదీసు పండితులు వాఖిదీ ఉల్లేఖనాలను ఆజ్ఞలకు ఆధారంగా తీసుకోరు, ఆ మాట దాచకూడదు. కాని పై సహీహ్ హదీసుల స్ఫూర్తికి ఇందులో విరుద్ధమైనది ఏదీ లేదు.

దీనర్థం కుక్కను గుడారంలోకి రానివ్వమని కాదు. కుక్క ఉన్న ఇంట్లో దైవదూతలు ప్రవేశించరన్న హదీసు మన ముందు ఉంది. ప్రవక్త (స) ఇంట్లోకే ఒకసారి కుక్కపిల్ల దూరితే ఆయన దాన్ని బయటికి పంపించి, అది ఉన్న చోట నీళ్ళు చిలకరించారు. మనమూ అలాగే చేయాలి. అదిలించి పంపితే పోతుంది. కాళ్ళు విరగ్గొట్టనక్కరలేదు.

కుక్క గలవారికీ బాధ్యత ఉంది. మన ముస్లింలలో కూడా గొర్రెలు, పొలాలు ఉన్నవారున్నారు కనుక ఈ మాట వారికి కూడా. పిల్ల ఏడుస్తుంటే “అది ఏమీ చేయదులే” అని నవ్వడం తగదు. తోటి ముస్లింను భయపెట్టడం ధర్మసమ్మతం కాదన్న హదీసు ఉంది. ఎవరి కీడు నుంచి పొరుగువాడు నిశ్చింతగా ఉండడో అతను విశ్వాసి కాడన్న హదీసూ ఉంది. నీ కుక్క కరుస్తుంది, కట్టేసుకో అని చుట్టుపక్కలవారు చెప్పినా వినక వదిలేస్తే, అది చేసిన గాయానికి యజమానిదే బాధ్యత అని హనఫీ గ్రంథాలు చెబుతున్నాయి. మన పిల్లలు ఉద్యోగాలకు వెళ్ళిన అమెరికాలో జాతీయ పార్కుల బసల్లో కుక్కను 6 అడుగులకు మించని తాడుతోనే ఉంచాలని నిబంధన ఉంది. మన చేలల్లో అలాంటి బోర్డులు ఉండవు, నోటి మాటే నిబంధన. అందుకే దిగిన సాయంత్రమే కాపరి దగ్గరికి వెళ్ళి, “అన్నా, రవ్వంత రాత్రి కుక్కను ఆ పక్కన కట్టేసుకో, పాప జడుసుకుంటా ఉంది” అని అడగండి. వండుకున్నదాంట్లో రెండు రొట్టెలు తీసుకెళ్ళి అడిగితే మరీ మంచిది. అతను బహుశా ఒక ముస్లిం కుటుంబం పక్కన పడుకోవడం అదే మొదటిసారి కావచ్చు.

చివరగా, ఎన్ని జాగ్రత్తలు తీసుకున్నా కుక్క కరిస్తే ఏం చేయాలో ఆడవాళ్ళకు, పిల్లలకు ముందే చెప్పి ఉంచండి. గాయంపై సున్నం, పసుపు, కారం పెట్టకండి. దుఆ చేయండి, కాని తావీజుతో సరిపెట్టకండి. సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు గాయాన్ని కడిగి, అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళి టీకా వేయించుకోవాలి. డాక్టరు చెప్పిన తేదీల్లో మిగతా సూదులు కూడా తప్పకుండా వేయించుకోవాలి. రేబీస్ లక్షణాలు బయటపడ్డాక బతికేవారు దాదాపు ఉండరు. కుక్కను అక్కడికక్కడే కొట్టి చంపవద్దు. దాన్ని కట్టేసి 10 రోజులు గమనించమని కాపరికి చెప్పాలి. ఆ రోజుల్లో అది జబ్బుపడినా, చచ్చిపోయినా వెంటనే కబురు చేయమని అతని ఫోను నంబరు తీసుకోవాలి. రాళ్ళు విసిరి తగవు పెట్టుకున్నవారికి ఆ నంబరు దొరకదు.