మందు ఇచ్చు ఆశయు, మనము ఇయ్యవలసిన మాటయు

చదువవలసిన భాగము: 2 రాజులు 20:1-7



మన యిండ్లలో ఎవరికైనను జబ్బు చేసినప్పుడు మందు చెప్పువారికి కొదువ లేదు. ఒకరు ఫలాని ఆకు పసరు మంచిదందురు. ఇంకొకరు పట్నములో క్రొత్త సూదిమందు వచ్చినదందురు. వేరొకరు ఏ మందును వద్దు, ప్రార్థన చాలునందురు. ముగ్గురును ప్రేమతోనే చెప్పుదురు. అయితే మంచము మీద నున్నవాడు ఆ మాటలను ఎట్లు వినునో మనము ఆలోచించుచున్నామా? బాగుపడవచ్చునని మనము చెప్పుదుము. తప్పక బాగుపడుదునని అతడు వినును. మనము చెప్పినది ఆశ. అతడు అందుకొన్నది వాగ్దానము. ఈ రెంటికిని గల భేదమును గూర్చి ఈ నెల కొంచెము ధ్యానింతము.

హిజ్కియా రాజు మరణకరమైన రోగముతో పడియున్నప్పుడు గోడతట్టు ముఖము త్రిప్పుకొని కన్నీళ్లు విడిచి ప్రార్థించెను. దేవుడు ఆ ప్రార్థన వినెను. పదునైదు సంవత్సరముల ఆయుష్షు ఇచ్చెదనని ప్రవక్త ద్వారా మాట పంపెను. అటుతరువాత యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెప్పించెను. దానిని పుండు మీద వేయగా రాజు బాగుపడెను. ఇక్కడ రెండు సంగతులు గమనింపవలెను. దేవుని మాట నోటనున్న ప్రవక్తయే మందును తెప్పించెను గనుక, మందు వాడుట అవిశ్వాసము కాదు. ఇది మొదటిది. వాగ్దానము చేసినవాడు దేవుడు గాని అంజూరపు ముద్ద కాదు. ఇది రెండవది. అదే ముద్దను మరియొకని పుండు మీద వేసినయెడల ఏమగునో వాక్యము చెప్పలేదు.

ఈ భేదమును మనకు బాగుగా నేర్పునది కుష్ఠువ్యాధి మందుల చరిత్ర. సుశ్రుత సంహితలో ఈ వ్యాధికి తువరకమను చెట్టు గింజలు చెప్పబడియున్నవి. ఆ జాతి చెట్ల గింజలనుండి తీయు నూనెయే చాల్మూగ్రా నూనె. 1854లో కలకత్తాలోని మౌవాట్ అను డాక్టరు దానిని ఇంగ్లీషు వైద్యులకు తెలియజేసెను. అయితే దానిని త్రాగినవారికి వికారము, వాంతులు కలిగెడివి. 1915 ప్రాంతమున హవాయి దీవులలో ఆలిస్ బాల్ అను నల్లజాతి యువతి, ఆ నూనెను సూదితో ఎక్కించుటకు మరింత అనువైన రీతిగా మార్చు విధానమును కనిపెట్టెను. 1916 ముగియకమునుపే, 24 ఏండ్ల ప్రాయమున, ఆమె మరణించెను. అదే 1915లో మన నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ అను మిషనరీ డాక్టరమ్మ కుష్ఠరోగుల ఆసుపత్రిని స్థాపించెను. అక్కడను తరువాతి సంవత్సరములలో ఈ నూనె సూదులు ఇచ్చిరి. ఆ సూదులు బహు బాధకరమైనవి. వాటివలన కొందరికి మేలు కలిగెను. అనేకులకు వ్యాధి నిలిచియుండెను, లేక తిరిగి వచ్చెను.

ఆ తరువాత డాప్సోన్ వచ్చెను. 1908లోనే జర్మనీలో తయారైన ఈ రసాయనము ఈ వ్యాధికి పనికివచ్చునని చాలకాలము ఎవరును ఎరుగరు. 1941లో అమెరికాలోని కార్విల్ ఆసుపత్రిలో దాని జాతికి చెందిన ప్రోమిన్ అను మందు మంచి ఫలితము చూపెను. ఆ దశాబ్దము ముగియునప్పటికి డాప్సోన్ బిళ్ళలు వాడుకలోనికి వచ్చెను. ఇక ఈ వ్యాధి అంతమైనదని అనేకులు సంతోషించిరి. కాని ఆ మందునకు లొంగని క్రిములు ఉన్నవని 1964లో రుజువాయెను. అందుచేత 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు రిఫాంపిసిన్, క్లోఫాజిమిన్, డాప్సోన్ అను మందులను కలిపి ఇయ్యవలెనని నిర్ణయించిరి. వ్యాధి స్థితినిబట్టి 6 లేక 12 నెలలు వాడవలసిన ఈ మందులు నేడు మన ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములలో ఉచితముగా దొరకుచున్నవి. వీటివలన వ్యాధి నిజముగా నయమగుచున్నది.

చూడుడి, నూనె అయినను బిళ్ళ అయినను ఒకే న్యాయాధిపతి యెదుట నిలువవలసి వచ్చెను. చెట్టును దాని ఫలములవలన ఎరుగవలెనని ప్రభువు నేర్పలేదా? పాతదని నమ్మరాదు, క్రొత్తదనియు నమ్మరాదు. ఆకుమందని త్రోసివేయరాదు. చైనా దేశములో తూ యూయూ అను శాస్త్రజ్ఞురాలు ప్రాచీన వైద్య గ్రంథమునుండి సూచన గ్రహించి, మాచిపత్రి జాతికి చెందిన ఒక మొక్కనుండి మలేరియా మందు తీసెను. దానిని రోగులకు ఇయ్యకమునుపు, 1972లో, ఆమెయు ఆమె తోటివారును తామే పుచ్చుకొని చూచిరి. 2015లో ఆమెకు నోబెల్ బహుమానము లభించెను. ఇతరుల శరీరముమీద మోపక మునుపు తన శరీరముమీద మోపుకొనుట! మందు చెప్పు మన నాలుకలకు ఇట్టి భయము కొంచెమైనను ఉన్నదా?

ఇప్పుడు మా తప్పిదమును ఒప్పుకొనవలసియున్నది. కొన్ని సంవత్సరముల క్రిందట మా సంఘములోని ఒక సహోదరి చేతిమీద తెల్లని మచ్చ కనబడెను. పొయ్యి దగ్గర వ్రేళ్లు కాలినను ఆమెకు తెలియకుండెను. పరీక్షించి కుష్ఠువ్యాధి అని చెప్పి బిళ్ళలు ఇచ్చిరి. నెలకొకసారి వేసికొను బిళ్ళ తరువాత మూత్రము ఎఱ్ఱగా వచ్చెను. కొన్ని నెలలకు మేను నల్లబడెను. ఆ మందులకు అది సహజమే. రక్తము పోవుట కాదు, మందు మానిన పిమ్మట ఆ నలుపు మెల్లగా తగ్గును. కాని ఆమెకు ఆ సంగతి ముందుగా ఎవరును చెప్పలేదు. ఆమె భయపడెను. సంతలో వేళ్ల చూర్ణము అమ్మువాడొకడు నలువది దినములలో నయము చేసెదనని మాట ఇచ్చెను. ఆమె బిళ్ళలు మానెను. ఆ సంగతి మాలో కొందరికి తెలియును. మాలో ఒకరు, బిళ్ళలు మానుట ఆమె విశ్వాసమునకు గురుతని కూడ మెచ్చుకొనిరి. తక్కినవారమైన మేము ఊరకుంటిమి.

చూర్ణము అయిపోయెను, సొమ్మును అయిపోయెను. ఆమె తిరిగి ఆరోగ్య కేంద్రమునకు పోవునప్పటికి చేతి వ్రేళ్లు రెండు వంగిపోయెను. తరువాత ఆమె బిళ్ళలన్నియు పూర్తి చేసెను. వ్యాధి నయమాయెను, వ్రేళ్లు మాత్రము చక్కబడలేదు. మేము చూడబోయినప్పుడు ఆమె మమ్మును నిందింపలేదు. "మందు ఏమి చేయునో అందరును చెప్పిరయ్యా. ఏమి చేయదో ఒక్కరును చెప్పలేదు" అని మాత్రము అనెను. ఆ మాట మమ్మును నేటివరకు విడువలేదు.

నిజమంతయు చెప్పినయెడల రోగి ధైర్యము చెడును గదా అని కొందరు అడుగుదురు. ఇది త్రోసివేయదగిన ప్రశ్న కాదు. ఆశ లేనివాడు మందు మ్రింగడు. అయినను అబద్ధపు ఆశ ఒక్కసారి మోసపుచ్చి ఊరకుండదు; రాబోవు నిజమైన ఆశను కూడ దొంగిలించును. చూర్ణమును నమ్మి చెడినవాడు బిళ్ళను కూడ నమ్మడు. గోపురము కట్టగోరువాడు ముందుగా కూర్చుండి ఖర్చు లెక్కచూచుకొనవలెనని మన ప్రభువు చెప్పెను గాని, తన వెంబడి వచ్చువారియొద్ద సిలువను దాచిపెట్టలేదు. కష్టము ముందుగా తెలిసినవాడు కష్టము వచ్చినప్పుడు పారిపోడు. మూత్రము ఎఱ్ఱబారునని ఆ సహోదరికి మొదటి దినమే చెప్పియుండినయెడల, ఆ రెండు వ్రేళ్లు నేడు చక్కగా ఉండెడివేమో.

అట్లయిన రోగికి మనము ఏ మాటయు ఇయ్యరాదా? ఇయ్యవలెను. కాని మన చేతిలో నున్న దానిని గూర్చియే ఇయ్యవలెను. స్వస్థత మన చేతిలో లేదు. మనము విడువకుండుట మన చేతిలో నున్నది. "నీవు తప్పక బాగుపడుదువు" అనుటకు మనకు అధికారము లేదు. "ఈ మందు అనేకులకు మేలు చేసినది, దీనివలన వచ్చు బాధలు ఇవి, ఇన్ని నెలలు పట్టును, నీ బిళ్ళలు అయిపోవువరకు మేము నీతో ఆసుపత్రికి వచ్చెదము, నీ చేతి నీళ్లు త్రాగెదము, ఆరాధనలో నీ ప్రక్కనే కూర్చుండెదము" అనుటకు ఎవరి అనుమతియు అక్కరలేదు. మందు మాట తప్పవచ్చును; సంఘము తప్పరాదు.

మార్కు సువార్త మొదటి అధ్యాయములోని కుష్ఠరోగిని జ్ఞాపకము చేసికొనుడి. అతడు శుద్ధుడైన తరువాత ప్రభువు అతనిని ముట్టలేదు. కనికరపడి, చెయ్యి చాపి, ముందుగా ముట్టెను; పిమ్మట రోగము విడిచెను. స్వస్థపరచుట ఆయన పని. చెయ్యి చాపుట ఆయన మనకును నేర్పిన పని. మన వీధిలో ఏ యింట రోగి యున్నాడో ఆ యింటికి ఈ ఆదివారము ఆరాధన ముగిసిన వెంటనే పోవుదము. మందు చెప్పుటకు తొందరపడక, ముందుగా అతని ప్రక్కను కూర్చుందము. ప్రభువు మన నాలుకలకు సత్యమును, మన చేతులకు కనికరమును దయచేయును గాక. ఆమేన్.