గోరువెచ్చని నీళ్లు – వరద తర్కం

తర్కశాస్త్రం ప్రకారం వేడినీళ్లంటూ లేవు. 17వ శతాబ్దంలో ‘తర్కసంగ్రహం’ రాసిన అన్నంభట్టు నీటికి చల్లని స్పర్శనే లక్షణంగా చెప్పాడు. కాగిన నీళ్లు చేతికి చురుక్కుమంటే ఆ వేడి నీటిది కాదు, అందులో చేరిన తేజస్సుది, అంటే అగ్నిది. ఆంధ్రుడని పండితులు చెప్పే ఆయన లెక్కనే తీసుకుంటే, బ్రిటన్‌లో చలికాలపు పొద్దున కుళాయి గోరువెచ్చని నీళ్లు పోస్తున్నప్పుడు అడగవలసిన ప్రశ్న ఒక్కటే: తేజస్సు ఎక్కడ తగ్గింది?

అక్కడి ఇళ్లలో ఎక్కువగా కనిపించేది గ్యాస్ కాంబి బాయిలర్. వేడినీళ్లు నిల్వచేసే ట్యాంకు దీనికి ఉండదు. కుళాయి తిప్పగానే మంట వెలుగుతుంది, వీధి పైపులోంచి వచ్చే చన్నీళ్లను అప్పటికప్పుడు కాచి పంపుతుంది. గదులను వెచ్చగా ఉంచే రేడియేటర్లకూ వేడి ఇక్కడినుంచే వెళుతుంది. వేడి ఎటు వెళ్లాలో నిర్ణయించేది డైవర్టర్ వాల్వ్. అది సరిగా మూసుకోకపోతే కుళాయికి రావలసిన వేడిలో కొంత రేడియేటర్లకు పోతుంది. లండన్ నీళ్లలో సున్నం ఎక్కువ. కుళాయి నీటిని కాచే ప్లేట్ హీట్ ఎక్స్ఛేంజర్ లోపల అది పొర కడితే మంట ఎంత మండినా వేడి నీటికి సరిగా అందదు. షవర్ మిక్సర్ పాడైతే చన్నీళ్లు వేడినీళ్ల పైపులోకి చొరబడతాయి. అప్పుడు బాయిలర్‌లో దోషమే ఉండదు.

అసలు ఏ దోషమూ లేకపోవచ్చు కూడా. 24 కిలోవాట్ల బాయిలర్ నిమిషానికి సుమారు 10 లీటర్ల నీటిని 35 డిగ్రీలు పెంచగలదు. వేసవిలో 15 డిగ్రీలతో వచ్చిన నీళ్లు 50కి చేరతాయి, చలికాలంలో 5 డిగ్రీలతో వచ్చినవి 40 దగ్గరే ఆగుతాయి.

ఒకే ఫలితం, ఎన్నో కారణాలు. ఈ చిక్కు గౌతముడి న్యాయసూత్రాల్లోనే ఉంది. ఏరు పొంగితే ఎగువన వాన పడిందని ఊహిస్తాం. దిగువన అడ్డుకట్ట పడినా నీరు పెరుగుతుంది కదా, ఇక అనుమానం, అంటే గుర్తును బట్టి ఊహించడం, ప్రమాణమెలా అవుతుందని పూర్వపక్షం. భాష్యకారుడు వాత్స్యాయనుడి సమాధానం సూటిగా ఉంటుంది. వాన తెచ్చిన వరదకు వడి ఉంటుంది, నురగ ఉంటుంది, ఆకులూ పళ్లూ కట్టెలూ కొట్టుకొస్తాయి. నీరు పెరగడం ఒక్కటే చూసి తీర్పు చెబితే తప్పు ఊహించినవాడిది, అనుమానానిది కాదు.

పని తెలిసిన మెకానిక్ వెతికేదీ ఆ నురగనూ కట్టెలనే. గదుల హీటింగ్ ఆపి వేడినీళ్ల కుళాయి తిప్పుతాడు. రేడియేటర్లు వెచ్చబడితే అనుమానం డైవర్టర్ మీదికి వెళుతుంది. బాయిలర్‌కు వచ్చే చన్నీళ్లు కట్టేసి వేడినీళ్ల కుళాయి తెరుస్తాడు. ధార ఆగకపోతే చన్నీళ్లు వేరే దారిలో కలుస్తున్నట్టే. కుళాయి సన్నగా తిప్పితే వేడి పెరిగిందనుకోండి, అది ఏమీ తేల్చదు: బాయిలర్ శక్తి చాలకపోయినా, లోపల పొర కట్టినా అలాగే జరుగుతుంది. కుళాయి పూర్తిగా తెరిచి ఉన్నా మంట మాటిమాటికీ ఆరుతుంటే, వేడి నీటికి అందడం లేదన్న ఊహకు బలం వస్తుంది. ఇవేవీ చూడకుండా ఖరీదైన పార్టు మార్చమనేవాడు నీటిమట్టం చూసి వాన పడిందన్నవాడే.

ఫలితం ఒక్కటే చూసి కారణం తేల్చకూడదన్న ఈ నియమం బాయిలర్‌తో ఆగదు. కుండ కార్యం, అంటే కారణం వల్ల పుట్టినది; దానికి కుమ్మరి ఉన్నాడు. భూమి కూడా కార్యమే, కాబట్టి దానికీ కర్త ఉన్నాడన్నది ఈశ్వరుడు ఉన్నాడనడానికి నైయాయికులు, అంటే న్యాయదర్శనం వారు, చూపే రుజువు. ‘న్యాయకుసుమాంజలి’లో ఉదయనుడు దీన్ని పకడ్బందీగా నిలబెట్టాడు. అంతకు ముందే, 7వ శతాబ్దపు బౌద్ధ తార్కికుడు ధర్మకీర్తి దీని మీద దెబ్బ తీశాడు: మట్టికి ఆకారం ఉన్నంత మాత్రాన కర్తను ఊహిస్తే పుట్టను కూడా కుమ్మరే చేశాడనాలి. కర్తను చూపేది ‘కార్యం’ అన్న పేరు కాదు, కుండలో మాత్రమే కనిపించే ప్రత్యేకమైన తీరు.

ఈశ్వరుడు లేడని దీనివల్ల రుజువు కాదు. నమ్మకానికి వేరే ఆధారాలు ఉండవచ్చు. ఈ ఒక్క వాదం వరకు మాత్రం, వరద విషయంలో నైయాయికులే పెట్టిన షరతు ధర్మకీర్తి పక్షానే నిలుస్తుంది.